హైస్కూల్లోనే కాలేజీ లిటరేచర్: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే కోర్సు గురించి ఉన్నాయి. హైస్కూల్లో ఉండగానే పిల్లలు కాలేజీ క్రెడిట్ కోసం తీసుకునే అమెరికన్ లిటరేచర్ మొదటి భాగం, అంటే ఇంగ్లీషు వాళ్ళు వలసొచ్చిన రోజుల దగ్గర్నుంచి సివిల్ వార్ దాకా అన్నమాట. నేను కమ్యూనిటీ కాలేజీలో ఈ కోర్సే చెప్తాను కాబట్టి ఎడిటర్ గారు అన్నీ నాకే పంపేశారు.

ప్రశ్న: నమస్తే అండీ, మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఇప్పుడు లెవెన్త్. వచ్చే ఏడాది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) లిటరేచర్ బదులు డ్యూయల్ క్రెడిట్‌లో అమెరికన్ లిటరేచర్ తీసుకుంటానంటోంది. తను చదవబోయేది కంప్యూటర్ సైన్స్, మావారేమో ఆ పాత కవిత్వాలు దేనికి, ఆ టైంలో ఇంకో మ్యాథ్ కోర్సు చెయ్యొచ్చు కదా అంటున్నారు. పైగా బీ వస్తే జన్మంతా వెంటాడుతుందని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఫ్రెండ్స్ చెప్పింది చాలావరకు నిజమే అండీ. ఏపీ అయితే ఏడాదంతా చదివి మే నెలలో ఒక్క పరీక్ష, అయిదుకి ఇంత అని స్కోరు, బాగా రాకపోతే అది కాలేజీకి పంపకుండా ఊరుకోవచ్చు. డ్యూయల్ క్రెడిట్ అలా కాదు, అది అచ్చంగా కాలేజీ కోర్సే, పిల్లకి పదహారేళ్ళే ఉన్నా ప్రొఫెసర్ వేసిన గ్రేడు ఆ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉండిపోతుంది, రేపు మనసు మారి మెడికల్ స్కూలుకో లా స్కూలుకో అప్లై చేసినా హైస్కూల్లో చేసిన ఈ కాలేజీ కోర్సులు కూడా చూపించాల్సిందే. ఒక్క బీ వల్ల కొంపలేం మునగవు గానీ, ఆషామాషీగా తీసుకునే క్లాసు మాత్రం కాదు.

టెక్సస్‌లో ఈ కోర్సు నంబర్ ఇంగ్లీష్ 2327, మూడు క్రెడిట్లు, రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీలకి వెళ్తే కోర్ కరికులంలోకి, అంటే అందరూ చెయ్యాల్సిన కోర్సుల్లోకి వస్తుంది. బయటి రాష్ట్రమో ప్రైవేట్ యూనివర్సిటీయో అయితే ఎవరి రూల్స్ వాళ్ళవి, ఆ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి ఒక ఈమెయిల్ పెట్టి రాతలో జవాబు తెప్పించుకోండి, పక్కింటి వాళ్ళ అబ్బాయికి ఇచ్చారు కాబట్టి మనకీ ఇస్తారు అనుకోవద్దు. ఇంకోటి, చాలా కాలేజీల్లో ముందు ఇంగ్లీష్ 1301, అంటే మొదటి రచనా కోర్సు పాసై ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పూర్తి సెమిస్టర్ సెక్షన్ తీసుకోండి, ఎనిమిది వారాలదీ సమ్మర్‌లో అయిదు వారాలదీ ఉంటాయి, వాటి జోలికి మాత్రం వెళ్ళకండి, ఎందుకంటే మూడొందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు రోజుకి యాభై పేజీలు మింగించడం ఏ పిల్లకైనా శిక్షే.

ఇక దేనికి అన్న మాట. ఆ అమ్మాయి ఆ దేశంలోనే పెరిగింది, అక్కడే ఉద్యోగం చేస్తుంది, ఓటు కూడా అక్కడే వేస్తుందేమో, మరి ఆ దేశం పుట్టేటప్పుడు ఏమేం గొడవలు పడిందో ఆ మనుషుల మాటల్లోనే చదవడం వృథా ఎలా అవుతుంది చెప్పండి. 1776 డిక్లరేషన్, అంటే అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, స్కూల్లో అందరూ చదువుతారు, కానీ ఈ కోర్సులో జెఫర్సన్ రాసిన మొదటి డ్రాఫ్ట్ చదువుతారు. అందులో బానిసల వ్యాపారం గురించి ఇంగ్లండ్ రాజుని తిడుతూ ఒక పెద్ద పేరా ఉంది, అప్పటి కాంగ్రెస్ సభ మొత్తం తీసేసింది. జెఫర్సన్‌కి ఆ మంట తగ్గలేదు, ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలో ఏ ముక్కలు కొట్టేశారో గుర్తులు పెట్టి మరీ మళ్ళీ రాశాడు, సౌత్ కరోలినా, జార్జియా వాళ్ళని మంచి చేసుకోవడానికే తీసేశారని కూడా చెప్పాడు. అలా రాసినాయన చేతికింద జీవితాంతం వందల మంది బానిసలున్నారు. ఈ రెండూ ఒకే పేజీలో పెట్టుకుని గంటసేపు మాట్లాడుకున్న పిల్లలు ఆ తర్వాత వార్తలు చదివే పద్ధతే మారుతుంది, నేను చూస్తూనే ఉన్నాను. వారానికి ఆరేడు గంటలు చదవడానికి టైం ఉంటే తీసుకోమనండి. రోబోటిక్స్, డిబేట్, డాన్స్ క్లాసులతో ఊపిరాడకుండా ఉంటే మాత్రం ఇప్పుడు వద్దు, కాలేజీకి వెళ్ళాక తీసుకోవచ్చు.

ప్రశ్న: ఆంటీ, నేను ఒహాయోలో జూనియర్‌ని, ఎయిత్‌లో గుంటూరు నుంచి వచ్చాను. కాలేజ్ క్రెడిట్ ప్లస్‌లో (డ్యూయల్ క్రెడిట్‌కి ఇక్కడి పేరు) ఈ కోర్సు చేస్తున్నాను. మూడు వారాలైంది, ఒక్క కథ కూడా రాలేదు, అన్నీ డైరీలు, ప్రసంగాలు, దేవుడు దేవుడు. చదువుతుంటే నిద్రొస్తోంది, సగం వాక్యాలు అర్థం కావట్లేదు. ఆన్‌లైన్‌లో సమ్మరీలు చదివి లాగించెయ్యొచ్చా?

జవాబు: లాగించెయ్యలేవు నాన్నా. సమ్మరీలో ఏం జరిగిందో ఉంటుంది, నీ ప్రొఫెసర్ అడిగేది ఎలా చెప్పారని. క్విజ్ వరకు గట్టెక్కొచ్చు గానీ పేపర్ రాసేటప్పుడు దొరికిపోతావు.

నిద్ర సంగతికొస్తే, తప్పు నీది కాదు, ఎవరికైనా మొదట్లో అలాగే ఉంటుంది. ఆ వాక్యాలు చెవికోసం రాసినవి, చర్చిలోనో ఇంట్లోనో ఒకళ్ళు చదువుతుంటే మిగతావాళ్ళు వినేవాళ్ళు. కాబట్టి నువ్వు కూడా పైకి చదువు, తలుపేసుకుని కొంచెం గట్టిగా, ఒక్కో వాక్యంలో క్రియ ఎక్కడుందో పెన్సిల్‌తో గీస్కో, సగం ముడి అక్కడే విడిపోతుంది. ప్లిమత్ వలసకి గవర్నర్‌గా ఉన్న బ్రాడ్‌ఫర్డ్ రాసిన ప్లిమత్ చరిత్ర మొత్తం ఒకేసారి మింగొద్దు, 1620లో మేఫ్లవర్ ఓడ దిగి ఎదురుగా అడవి, వెనక సముద్రం, ఆదరించే స్నేహితుడు లేడు, తలదాచుకోడానికి సత్రం లేదు అని రాసిన ఆ ఒక్క పేరా తీసుకుని రెండుసార్లు చదువు. కొత్త దేశంలో దిగిన మొదటి చలికాలం ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పక్కర్లేదు.

అసలు నువ్వు మొదలెట్టాల్సింది కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్‌తో. పద్దెనిమిదేళ్ళప్పుడు, 1630లో ఓడెక్కి మాసచూసెట్స్ వచ్చింది, ఎనిమిది మంది పిల్లలు. ఆవిడకి చెప్పకుండా చెల్లెలి భర్త ఆవిడ కవితలు లండన్ పట్టుకెళ్ళి 1650లో అచ్చేయించేశాడు, అదే ఇంగ్లీషు అమెరికా నుంచి అచ్చయిన మొదటి కవితల పుస్తకం. కానీ నేను చెప్పేది దాని గురించి కాదు, 1666 జులై 10 రాత్రి వాళ్ళ ఇల్లు కాలిపోయింది, దాని మీద ఒక విడి కాగితం మీద రాసుకున్న కవిత, ఆవిడ బతికుండగా అచ్చు కూడా కాలేదు.

అది దగ్గర పెట్టుకుని చూడు. అర్ధరాత్రి కేకలు విని లేచి బయటికి పరిగెత్తింది, చూడలేనంత వరకు ఆ మంటల్ని చూసింది, చూడలేకపోయాక ఇచ్చినవాడే తీసుకున్నాడు అని దేవుణ్ణి తలుచుకుంది. ప్యూరిటన్, అంటే కఠిన నియమాల క్రైస్తవ శాఖ మనిషి కాబట్టి అక్కడితో అయిపోవాలి, ఎందుకంటే వాళ్ళ నమ్మకం ప్రకారం ఈ లోకపు సామాన్ల మీద మమకారం ఉండకూడదు. కానీ అయిపోలేదు! తర్వాత ఆ బూడిద పక్కనుంచి నడిచినప్పుడల్లా కళ్ళు అటే పోతున్నాయి, ఇక్కడే ట్రంకు ఉండేది, అక్కడ పెద్ద పెట్టె ఉండేది, ఇంక ఈ కప్పు కింద ఏ చుట్టమూ కూర్చోడు, కొవ్వొత్తి వెలగదు, పెళ్ళికొడుకు మాట వినపడదు అని ఒక్కొక్కటే ఇల్లంతా తిరిగినట్టు చెప్తుంది. ఆ తర్వాత తన మనసుని తనే మందలించుకుంటుంది, పైన నీకు ఇంతకంటే మంచి ఇల్లు ఉంది కదా అని. ఇప్పుడు నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: చివర్లో ఆ ఓదార్పు ఆవిడకి నిజంగా సరిపోయిందా? సరిపోయిందంటే ఏ లైను పట్టుకుని చెప్తావు, సరిపోలేదంటే ఏ లైను పట్టుకుని చెప్తావు? ఎవరికీ చూపించాలని రాసుకోని కాగితంలో కూడా తనని తాను మందలించుకోవాల్సి వచ్చింది, అది విశ్వాసమా, ఊళ్ళో వాళ్ళ భయం లోపలిదాకా పోవడమా? దీనికి సమ్మరీలో జవాబు దొరకదు. ఈ ఒక్క కవిత మీద నాలుగు పేజీలు రాయొచ్చు, నీకు నిద్ర రాదని నేను హామీ ఇస్తాను.

ప్రశ్న: నమస్కారం మేడమ్. అట్లాంటాలో ఉంటాం. మా పాప డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ సిలబస్ చూశాను, నరకం గురించిన క్రైస్తవ ప్రసంగం ఒకటి ఉంది, ఇంకో పుస్తకంలో నేటివ్ వాళ్ళని, అంటే అమెరికా ఆదివాసుల్ని, నానా మాటలూ అన్నారు, పసిపిల్ల చచ్చిపోయే సీను కూడా ఉంది. పదహారేళ్ళ పిల్లకి ఇవన్నీ అవసరమా, మతం నూరిపొయ్యడం కాదా ఇది?

జవాబు: మీ ఆందోళన అర్థమైందండీ, తండ్రిగా సిలబస్ తెరిచి చూశారు, చాలామంది అదీ చెయ్యరు. ప్రసంగం అంటే పాస్టరు జొనాథన్ ఎడ్వర్డ్స్ 1741 జులైలో ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో చేసినది అయ్యుంటుంది. నిప్పుల గుండం మీద దారానికి వేలాడే సాలీడులా మిమ్మల్ని దేవుడు పట్టుకుని ఉన్నాడు అని చెప్తుంటే జనం ఏడుపులు, కేకలు పెట్టారట, ఆయన మధ్యలో ఆపాల్సొచ్చిందట. క్లాసులో దాన్ని నమ్మమని ఎవరూ చెప్పరు, నమ్మారా అని కూడా అడగరు. ఒక మనిషి గొంతు పెంచకుండా ఒట్టి మాటలతో గదినిండా జనాన్ని ఎలా వణికించగలిగాడు, ‘వాళ్ళు’ అంటూ మొదలెట్టి ‘మీరు’ దగ్గరికి ఎప్పుడు వచ్చాడు, అది చూస్తారు. ఈ విద్య తెలిసిన పిల్లని రేపు ఏ నాయకుడూ ఏ బాబా అంత తేలిగ్గా బెదిరించలేడు.

రెండో పుస్తకం మేరీ రోలండ్‌సన్‌ది, నా లెక్కలో ఈ కోర్సు మొత్తానికి అతి ముఖ్యమైనవాటిలో ఒకటి, కష్టమైనది కూడా. 1676 ఫిబ్రవరిలో లాంకాస్టర్ అనే ఊరి మీద నేటివ్ వాళ్ళు దాడి చేసి, పాస్టరు గారి భార్య అయిన ఈవిణ్ణి, పిల్లల్ని పట్టుకెళ్ళారు. ఆరేళ్ళ కూతురు దెబ్బలతో ఆవిడ ఒళ్ళోనే చనిపోయింది. పదకొండు వారాల తర్వాత ఇరవై పౌన్లు కట్టి విడిపించారు, 1682లో పుస్తకం వచ్చింది. పట్టుకున్నవాళ్ళని ఆవిడ రాక్షసుల్లా తిడుతుంది, నిజమే. కానీ అదే పుస్తకంలో ఇంకో చోట ఆ దాడి జరిగిన యుద్ధంలో నేటివ్ వాళ్ళ నాయకుడైన మెటకామ్, ఇంగ్లీషు వాళ్ళు కింగ్ ఫిలిప్ అన్నారు, ఆవిణ్ణి పిలిచి మా అబ్బాయికి చొక్కా కుట్టిపెట్టు అన్నాడు, కుడితే ఒక షిల్లింగ్ ఇచ్చాడు, తర్వాత టోపీ కుట్టమని భోజనానికి పిలిచి రెండు వేళ్ళంత అట్టు పెట్టాడు, వేయించిన గోధుమలు దంచి ఎలుగుబంటి కొవ్వులో కాల్చినది. జన్మలో ఇంత రుచైనది తినలేదని ఆవిడే రాసింది! తిట్టే నోరూ, ఆ రుచి ఒప్పుకునే నోరూ ఒకటే. ఇది ఆవిడ దాచకుండా రాసింది చూడండి, అందుకే మూడున్నర శతాబ్దాలైనా ఆ పుస్తకం బతికుంది.

కానీ ఆవిడ చెప్పని కథ కూడా ఉంది, అది మీ పాపకి ఎవరో ఒకరు చెప్పాలి. మెటకామ్ తండ్రి మసాసొయిట్ 1621లో ప్లిమత్ వాళ్ళతో సంధి చేసుకుని ఆ చలికాలాలు గట్టెక్కడానికి సాయపడ్డాడు, యాభై ఏళ్ళు తిరిగేసరికి వాళ్ళ భూములన్నీ వలసవాళ్ళ చేతుల్లోకి పోతున్నాయి, అక్కడి నుంచి వచ్చింది ఆ యుద్ధం. 1676 ఆగస్టులో మెటకామ్‌ని చంపి తల నరికి ప్లిమత్‌లో గుంజకి గుచ్చిపెట్టారు, కొడుకుని బానిసగా అమ్మేశారు. ప్రొఫెసర్ మంచివాడైతే దీని పక్కనే విలియం ఏప్స్ చదివిస్తాడు, పీక్వాట్ అనే ఆదివాసి జాతివాడు, 1836లో బోస్టన్‌లోనే నిలబడి కింగ్ ఫిలిప్ గొప్పవాడని ప్రసంగం చేశాడు. సిలబస్‌లో లేకపోతే మీరే వెతికి ఇంట్లో చదివించండి, వీలైతే మీరూ చదవండి. పసిపిల్ల చావు చదివి పాప ఏడిస్తే ఏడవనివ్వండి, పదహారేళ్ళంటే చిన్నపిల్ల కాదు, మన పిల్లలు భారతంలో అభిమన్యుడి చావు అంతకంటే చిన్నప్పుడే వింటారు కదండీ.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను మేడమ్. మా వాడు ఫిలిస్ వీట్లీ అనే బానిస కవయిత్రి మీద పేపర్ రాస్తే సీ వచ్చింది, ‘ఇది సమ్మరీ, వాదన ఏదీ’ అని రాశారు. స్కూల్లో వాడికి ఎప్పుడూ ఏ తప్ప రాలేదు. నేను ప్రొఫెసర్‌కి ఈమెయిల్ పెడితే మీతో మాట్లాడటం కుదరదు అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ఇదేం పద్ధతి?

జవాబు: పద్ధతి అదేనండీ, పొగరు కాదు. 1974లో చదువు రికార్డుల మీద వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి ఏ వయసువాడైనా ఆ రికార్డుల మీద హక్కు వాడికే, వాడు సంతకం పెట్టకుండా చాలామంది ప్రొఫెసర్లు తల్లిదండ్రులతో గ్రేడ్ల గురించి నోరు విప్పరు. మీరు హైస్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడొచ్చు. కానీ అసలు వెళ్ళాల్సింది మీ అబ్బాయి, ఆఫీస్ అవర్స్‌కి, అంటే ప్రొఫెసర్ విద్యార్థుల్ని కలిసే టైంకి, ఆ పేపర్ చేత్తో పట్టుకుని, ఈ సీ ఎందుకొచ్చింది కాకుండా, ‘నా వాదన ఎక్కడ మొదలవ్వాల్సింది’ అని అడగమనండి. ఆ మాట అడిగిన పిల్లాడికి అరగంట కూర్చుని చెప్పని ప్రొఫెసర్‌ని నేనైతే చూడలేదు.

వాడు ఏం రాశాడో ఊహించగలను. తనని ఆఫ్రికా నుంచి తీసుకురావడం మీద వీట్లీ రాసిన ఎనిమిది లైన్ల కవిత ఉంది, అందులో మొదటి సగం చదివి ‘ఈవిడ బానిసత్వానికి థాంక్స్ చెప్తోంది’ అని పిల్లలు రాసేస్తారు. ఏడెనిమిదేళ్ళ పిల్లగా 1761లో బోస్టన్ రేవులో అమ్మకానికి దిగిన మనిషి, ఏ ఓడలో వచ్చిందో ఆ ఓడ పేరే పెట్టారు. ఇరవై ఏళ్ళప్పుడు, 1773లో లండన్‌లో పుస్తకం వస్తే, ఇవి ఈ పిల్ల రాసినవే అని బోస్టన్ పెద్దమనుషులు పద్దెనిమిది మంది సంతకాలు పెట్టి ముందు పేజీల్లో వేయించాల్సి వచ్చింది, గవర్నర్ హచిన్సన్, జాన్ హాంకాక్ సహా. అలాంటి పరిస్థితిలో రాసే మనిషి తిన్నగా ఎలా తిడుతుంది? కవితలో అయిదో లైను దగ్గర చూడమనండి, అప్పటిదాకా తన సంగతి చెప్పుకుంటున్నది కాస్తా మా జాతిని కొంతమంది చిన్నచూపు చూస్తున్నారు అంటుంది, ఏడో లైనుకి వచ్చేసరికి ‘గుర్తుంచుకోండి, క్రైస్తవులారా’ అని ఆజ్ఞాపిస్తుంది. యజమానుల ఊళ్ళో ఉన్న బానిస అమ్మాయి, వాళ్ళ మతాన్నే చేత్తో పట్టుకుని వాళ్ళకి పాఠం చెప్తోంది.

‘వీట్లీ బానిస కవయిత్రి, మతం గురించి రాసింది’ అంటే సమ్మరీ. ‘మొదటి నాలుగు లైన్లలో కృతజ్ఞత చూపించి సంపాదించుకున్న చనువుతోనే చివరి రెండు లైన్లలో క్రైస్తవుల్ని నిలదీస్తుంది’ అంటే వాదన, కాదనేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి. పేపర్ తిరిగి రాయనిస్తే అక్కడి నుంచి మొదలెట్టమనండి. ఇంకొక్క మాట, ఏఐతో రాయించుకోవద్దని గట్టిగా చెప్పండి, పట్టుబడితే హైస్కూల్లో లాగా డిటెన్షన్‌తో పోదు, కాలేజీ రికార్డులోకి ఎక్కుతుంది, అంతకంటే ముఖ్యంగా ఎనిమిది లైన్లు తనంతట తను చదివి ఒక మాట అనగలిగే అవకాశం పోతుంది.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో డిగ్రీ ఇంగ్లీష్ స్టూడెంట్‌ని. మాకు సిలబస్‌లో బ్రిటిష్ రచయితలే ఎక్కువ. అమెరికా పాత సాహిత్యం సొంతంగా చదవాలని ఉంది, అంత దూరపు విషయం మాకు ఎక్కుతుందా? పుస్తకాలు కొనే స్తోమత లేదు.

జవాబు: కొనక్కర్లేదు, వీటన్నిటికీ కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చాలావరకు దొరుకుతాయి. పైగా నువ్వున్నది సరైన ఊళ్ళోనే, 1964లోనే ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు, దేశం నలుమూలల నుంచీ లెక్చరర్లు వచ్చి ఆ లైబ్రరీలో కూర్చుని చదువుకునేవాళ్ళు.

దూరం అంటావా, వాల్డెన్ అనే చెరువు పక్కన గడిపిన రోజుల మీద థోరో రాసిన వాల్డెన్ తియ్యి, 1854ది, చలికాలంలో చెరువు ఎలా ఉంటుందో చెప్పే అధ్యాయం. 1846-47 చలికాలంలో కూలీలొచ్చి ఆ చెరువు మీద గడ్డకట్టిన మంచుని రంపాలతో కోసి గుట్టలు పోశారు. అప్పట్లో బోస్టన్ నుంచి ఐసు ఓడల్లో మన దేశానికి వచ్చేది, మద్రాసు బీచ్ దగ్గరున్న ఐస్ హౌస్ దాన్ని దాచడానికి కట్టిందే, తర్వాత 1897లో వివేకానందుడు బస చేసింది అక్కడే. థోరో ఏం రాశాడంటే మద్రాసు, బొంబాయి, కలకత్తా వాళ్ళు నా బావి నీళ్ళు తాగుతారు, నేను పొద్దున్నే భగవద్గీతలో మునుగుతాను, వాల్డెన్ నీళ్ళు గంగ నీళ్ళల్లో కలుస్తాయి అని. నిజానికి ఆ గుట్టలో చాలావరకు ఎక్కడికీ వెళ్ళలేదు, 1848 సెప్టెంబర్ దాకా ఉండి మెల్లగా కరిగి మళ్ళీ చెరువులోకే పోయింది, ఆ సంగతి కూడా ఆయనే రాశాడు.

అయితే వాల్డెన్‌తో మొదలెట్టకు, అది నెమ్మదిగా చదవాల్సిన పుస్తకం. ముందు బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన తన జీవితకథ చదువు, వంద పేజీలకి కాస్త అటూ ఇటూ. బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు నేర్పడం మొదలెడితే భర్త ఆపించేశాడు, చదువొస్తే వీడు బానిసగా పనికిరాడు అని ఈ పిల్లాడి ముందే అన్నాడు, ఆ మాటతోనే డగ్లస్‌కి దారి తెలిసిపోయింది. అప్పట్నుంచి జేబులో రొట్టెముక్క పెట్టుకుని వీధిలో ఆకలితో ఉండే పేద తెల్లపిల్లలకి ఇచ్చి బదులుగా పాఠం చెప్పించుకున్నాడు. డిక్షనరీ మాటిమాటికీ తియ్యాల్సిన పని కూడా ఉండదు, ఆయన ఇంగ్లీషు అంత తేటగా ఉంటుంది.